తిరుపతి నుంచి ఫిరంగి గుళ్ళ వేట: ఎక్కడ చూడాలి, ఏది కొనకూడదు

పాత ఫిరంగి గుళ్ళు, ఖాళీ షెల్ కేసులు (ఫిరంగి మందు నింపే ఇత్తడి గొట్టాలు) అంటే మోజున్నవాళ్ళు తిరుపతిలో దిగితే ముందు చంద్రగిరికే వెళ్తారు. దూరం తక్కువ, ఆర్టీసీ బస్సులకు కొదవ లేదు. రాజమహల్ మ్యూజియంలో ఎక్కువగా ఉన్నవి రాతి, కంచు విగ్రహాలు. కోట గోడలతో కలిపి ఒక పూట చాలు.

అసలు సరుకు చెన్నైలో ఉంది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు మీద పేల్చిన షెల్ (లోపల మందు నింపిన ఫిరంగి గుండు) తునక సెయింట్ జార్జి కోట మ్యూజియంలో చూడొచ్చు. ఎండెన్‌వి 10.5 సెం.మీ. ఫిరంగులు. పగిలిన అంచు ఎంత వాడిగా, ఎగుడుదిగుడుగా ఉంటుందో దగ్గరగా చూస్తే, అంగళ్ళలో గ్రైండర్‌తో కోసి అమ్మే ముక్కలను ఇట్టే పట్టేయొచ్చు. కోటలో సచివాలయం ఉంది కాబట్టి గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి. చంద్రగిరి, కోట మ్యూజియం, ఎగ్మూరు మ్యూజియం మూడింటికీ శుక్రవారం సెలవు. చాలామంది ప్రయాణం దండగయ్యేది అక్కడే.

తిరుపతిలో బస రైలుకైతే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్సుకైతే బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం వీలు. రెండూ టీటీడీవి, భక్తుల కోసం కట్టినవి. కొండెక్కే ఆలోచన ఉంటే సంచిలో ఖాళీ కేసు కూడా ఉండకూడదు. అలిపిరిలో సామానంతా స్కాన్ చేస్తారు.

ఇక కొనడం. పాత ఇనుము కొట్లలో ఫిరంగి గుండంటూ చూపించేవాటిలో బాల్‌మిల్లు (ఖనిజాన్ని పొడి చేసే యంత్రం) గుండ్లు బోలెడు. టేపు, తూకం వెంట ఉండాలి. ఆరు పౌన్ల పోత ఇనుప గుండు అడ్డంగా సుమారు 9 సెం.మీ., బరువు 2.7 కిలోలు. అదే కొలతలో తూకం బాగా తగ్గితే లోపల డొల్ల అన్నమాట, తుపాకిమందు మిగిలి ఉండొచ్చు. పాతదైనా అది చావదు. తూటు పొడవడం, రుద్దడం, వేడి చేయడం కూడదు.

25 పౌండర్ అనే బ్రిటిష్ ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 87.6 మి.మీ., దాని ఇత్తడి కేసు పొడవు 292 మి.మీ. ఈ ఫిరంగికి షెల్లు వేరు, కేసు వేరు. అడుగున ప్రైమర్ (మందుకు నిప్పంటించే భాగం) మీద నొక్కు చూసి ధైర్యపడొద్దు. పేలని ప్రైమర్‌కీ నొక్కు పడుతుంది. ప్రైమర్ తీసేసి, ఆ రంధ్రంలోంచి వెలుతురు కనిపించే కేసే మేలు. షెల్ నడుముకున్న రాగి పట్టీ మీద ఏటవాలు గాట్లుండి, ముక్కున ఫ్యూజ్ (షెల్‌ను పేల్చే భాగం) అలాగే ఉంటే అది పేల్చినా పేలనిది. అన్నిటికన్నా ప్రమాదం అదే. ముట్టుకోకుండా దూరం జరిగి 112కు ఫోన్ చేయాలి.

1959 ఆయుధాల చట్టం షెల్లులనూ, మందుగుండు భాగాలనూ మందుగుండుగానే లెక్కిస్తుంది. నిర్వీర్యం చేశామన్న నోటిమాట పోలీసుల ముందు నిలవదు. కొనేముందే స్టేషన్‌లో అడిగి, ఎక్కడినుంచి వచ్చిందో కాగితం రాయించుకోవాలి. కోటల దగ్గర పొలంలో దొరికిన గుండును ఇంటికి తెచ్చుకోకూడదు. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది.