రైజెన్ 5 5600 అని చెప్పి 5500 పెట్టారు, పైగా ఏ520 బోర్డు. పీసీ కట్టించుకునేవాళ్ళు జాగ్రత్త

బడ్జెట్‌లో మంచి ప్రాసెసర్ కావాలి, గేమ్స్ ఆడాలి, నాలుగు పనులు ఒకేసారి నడవాలి, తర్వాత కొంచెం ఓవర్‌క్లాక్ (చిప్‌ని కంపెనీ పెట్టిన స్పీడుకి మించి నడపడం) కూడా చేసుకోవాలి అనుకునేవాళ్ళు షాపుకి అడ్వాన్స్ కొట్టే ముందు ఇది చదవండి. షాపు పేరు రాయట్లేదు, వాళ్ళతో లెక్క ఇంకా తేలలేదు, పైగా ఈ పని చేసేది వాళ్ళొక్కళ్ళే కాదు.

మా చిన్నాన్న కొడుకు బీటెక్ చదువుతున్నాడు. వాలరెంట్, జీటీఏ, పక్కన డిస్కార్డ్, వెనకాల ఆండ్రాయిడ్ స్టూడియో, క్రోమ్‌లో లెక్కలేనన్ని ట్యాబులు, అన్నీ తెరిచిపెట్టే రకం. వాడికోసం మేం అడిగింది సూటిగా ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ రెండు స్టిక్కులుగా, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు. వాట్సాప్‌లో కొటేషన్ కూడా అచ్చం అలాగే పంపారు. డబ్బులు పడ్డాక పీసీ వచ్చింది, రంగు రంగుల ఫ్యాన్లు, గ్లాస్ క్యాబినెట్, చూడ్డానికి పెళ్ళి పందిరిలా ఉంది. కానీ ప్రాసెసర్ డబ్బా లేదు, బోర్డు డబ్బా లేదు. అడిగితే "ఖాళీ డబ్బాలు ఎందుకన్నా, జాగా దండగ" అన్నారు. బిల్లులో ఏముందయ్యా అంటే "రైజెన్ 5 5000 సిరీస్ ప్రాసెసర్, గేమింగ్ మదర్‌బోర్డు". మోడల్ నంబర్ ఎక్కడా లేదు.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ నొక్కితే పైన పేరు కనబడుతుంది కదా, అక్కడ 5500 అని ఉంది. కింద ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న మెమరీ) 16 ఎంబీ. 5600కి 32 ఎంబీ ఉండాలి. సీపీయూ-జెడ్ (చిప్ వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) వేసి చూస్తే కోడ్ నేమ్ సెజాన్ అని వచ్చింది, అసలు 5600 అయితే వెర్మీర్ అని రావాలి. మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చూస్తే ఏ520.

ఫోన్ చేస్తే షాపతను చెప్పిన మాటలు వినండి, ఎందుకంటే మీకూ ఇవే చెప్తారు. "రెండూ 6 కోర్ 12 థ్రెడ్ అన్నా, సేమ్ టు సేమ్, 5600 బేస్ క్లాక్ 3.5, దీనిది 3.6, ఇంకా ఎక్కువే ఇచ్చినం." ఇందులో చెప్పిన అంకెల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు, అదే అసలు మోసం. కోర్లు నిజంగానే సమానం, బేస్ క్లాక్ నిజంగానే 5500కే ఎక్కువ. కానీ గేమ్ ఆడేటప్పుడు చిప్ బేస్ (కనీస స్పీడు)లో నడవదు, బూస్ట్ (పని పడ్డప్పుడు పెంచుకునే స్పీడు)లో నడుస్తుంది, అక్కడ 5600ది 4.4 గిగాహెర్ట్జ్, 5500ది 4.2. దానికంటే పెద్ద తేడా క్యాష్. గేమ్‌కి కావాల్సిన డేటా చిప్ లోపలే దొరికితే ర్యామ్ దాకా వెళ్ళి తెచ్చుకునే టైమ్ మిగులుతుంది, వాలరెంట్ లాంటి వాటిలో ఫ్రేమ్స్ పెరిగేది అందుకే. ఏఎండీ వాళ్ళు 2022లో 5800ఎక్స్3డీ చిప్ మీద క్యాష్‌ని 96 ఎంబీ చేసి గేమర్లకి అమ్మారంటే క్యాష్ విలువేంటో అర్థం చేసుకోవచ్చు. ఇక్కడేమో ఉన్నదాంట్లో సగం కోసేసి సేమ్ టు సేమ్ అంటున్నాడు.

ఇంకోటి, 5500లో పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్ళే దారి, అందులో వరసలే లేన్లు) 3.0 వరకే ఉంది, ఏ520 బోర్డు కూడా అంతే, 5600ని బి550 మీద పెడితే 4.0 వస్తుంది. ఆర్ఎక్స్ 6600 వాడేది 8 లేన్లే, దానికి 3.0లో దెబ్బ తక్కువే, కాబట్టి మేం కొంత బతికిపోయాం. అదే ఎవరైనా ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ పెట్టుకుంటే దానికి ఉన్నవి 4 లేన్లే, 3.0 బోర్డులో గట్టిగానే నష్టపోతారు.

ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్ దగ్గరికి వద్దాం. "రైజెన్ అన్నీ అన్‌లాక్డే (స్పీడు మార్చుకోనిచ్చేవే) అన్నా" అన్నాడు షాపతను. చిప్ అన్‌లాక్డే, మరి బోర్డు? ఏఎండీ ఏ520లో సీపీయూ ఓవర్‌క్లాకింగ్ ఇవ్వలేదు, ఆ తర్వాత వచ్చిన ఏఎం5 సాకెట్ బోర్డుల్లో ఏ620 కూడా అంతే. బి450, బి550, బి650 లాంటివి, ఇంకా ఎక్స్ సిరీస్ బోర్డులైతేనే మల్టిప్లయర్ (చిప్ స్పీడుని నిర్ణయించే గుణకం) కదుపుకోవచ్చు. ఏ520లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌లో ముందే రాసి ఉండే స్పీడు సెట్టింగ్) పెట్టి ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు, దాన్నే చూపించి ఇదిగో ఓవర్‌క్లాకింగ్ అని నమ్మిస్తారు. ఆ మాటకొస్తే అన్నీ అన్‌లాక్డ్ అన్నది కూడా పూర్తి నిజం కాదు, 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీ రెండిటికీ మల్టిప్లయర్ లాక్ చేసే ఉంటుంది, 9800ఎక్స్3డీ దగ్గరకొచ్చాకే వదిలారు.

నన్నడిగితే 5600 మీద అన్ని కోర్లూ బలవంతంగా ఒకే స్పీడులో పెట్టి వోల్టేజ్ పెంచితే వచ్చేది అంతంతమాత్రం, మన మే నెల ఎండలకి ఫ్యాన్ మోత అదనం. బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) పీబీఓ (చిప్ తనంతట తానే బూస్ట్ పెంచుకునే ఏఎండీ సెట్టింగ్) ఆన్ చేసి, వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ మైనస్‌లోకి కొంచెం కొంచెంగా దించుకుంటూ టెస్ట్ చేసుకుంటే వేడి తగ్గుతుంది, బూస్ట్ ఎక్కువసేపు నిలబడుతుంది, అదే మేలు. కానీ దానికీ బోర్డు సరైనది ఉండాలి కదా, మేం బి550 అడిగిందే అందుకు. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ పాడైతే కంపెనీ వారంటీ వర్తించదు, పీబీఓ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, అది తెలిసే చెయ్యండి.

ఇంటెల్ వైపు ఇదే ఆట ఇంకో రకంగా ఆడతారు. చివర కె ఉంటేనే ఓవర్‌క్లాక్ అయ్యే చిప్, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకపోతే డిస్‌ప్లే రాదు. ఐ5 12600కె చూపించి "ఓవర్‌క్లాకింగ్ చిప్" అని ఎక్కువ తీసుకుని హెచ్610 లేదా బి660 బోర్డులో పెట్టి ఇస్తారు. కె కోసం కట్టిన డబ్బు గంగపాలు, ఎందుకంటే 12, 13, 14వ జనరేషన్లలో సీపీయూ మల్టిప్లయర్ మార్చుకోవాలంటే జెడ్690 లేదా జెడ్790 కావాలి. ఆ డబ్బుకి 12400ఎఫ్ తీసుకుని ఓవర్‌క్లాక్ మాటే మర్చిపోయి, మిగిలింది గ్రాఫిక్స్ కార్డుకి పెట్టుకున్నవాడు సుఖంగా ఉంటాడు. దాన్ని కూడా కొందరు "12 కోర్" అని అమ్ముతున్నారు, 6 కోర్లే, 12 థ్రెడ్లు. ఇక ఆన్‌లైన్‌లో "ఐ7 గేమింగ్ పీసీ" అని అగ్గువకి కనబడేవాటి జోలికి పోకండి, చాలావాటిలో ఉండేది 2011 నాటి ఐ7 2600, విండోస్ 11 అధికారికంగా దాని మీద ఎక్కదు.

సెకండ్ హ్యాండ్‌లో 13, 14వ జనరేషన్ ఐ7, ఐ9 చవగ్గా వస్తే మాత్రం బాగా ఆలోచించండి. వాటిలో వోల్టేజ్ ఎక్కువై చిప్ దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఇంటెల్లే ఒప్పుకుని మైక్రోకోడ్ (బయోస్ ద్వారా చిప్‌లోకి వెళ్ళే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. అయితే ఆ అప్‌డేట్ ఇకముందు పాడవకుండా ఆపడానికే గానీ అప్పటికే చెడిపోయిన చిప్‌ని బాగుచేయదు. అమ్మేవాడు పాత బయోస్ మీద ఎన్నాళ్ళు నడిపాడో మీకెలా తెలుస్తుంది?

మళ్ళీ మా గొడవకొస్తే, డబ్బా ఎందుకు ఇవ్వలేదో తర్వాత అర్థమైంది. ఆ చిప్ ట్రే పీస్, అంటే డబ్బా లేకుండా విడిగా వచ్చేది. డబ్బాతో వచ్చేదానికి ఏఎండీ 3 ఏళ్ళ వారంటీ ఇస్తుంది, ట్రే పీస్‌కి కంపెనీ దగ్గరికెళ్తే కొన్నచోటే అడగమంటారు, ఆ కొన్నచోటు ఇలాంటిది అయితే ఇక ఎవర్ని అడగాలి. అందుకే డబ్బా సీల్ మీ ముందే తియ్యమనండి, కూలర్ బిగించాక చిప్ మీద పేరు కనబడదు కాబట్టి అంతకుముందే చిప్‌ని, డబ్బాని, సీరియల్ నంబర్లని ఫోటో తీసుకోండి. జీఎస్టీ బిల్లులో ప్రాసెసర్, బోర్డు పూర్తి మోడల్, సీరియల్‌తో సహా రాయకపోతే మిగతా డబ్బు ఆపండి. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగి కొటేషన్లు తీసుకుంటే ఎవరు మోడల్ నంబర్ రాస్తున్నారో, ఎవరు "సిరీస్" అని నీళ్ళు నములుతున్నారో వాళ్ళ కాగితమే చెప్తుంది.

"ఓపెన్ చేసిన ఐటమ్ వాపస్ లేదు" అని షాపతను మొదట మొండికేశాడు. కొటేషన్ స్క్రీన్‌షాట్, సీపీయూ-జెడ్ ఫోటోలు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి కంప్లైంట్ రాయించాం, ఆ కంప్లైంట్ నంబర్ తనకి పంపాక గొంతు కొంచెం మారింది. డబ్బాతో ఉన్న 5600 ఇచ్చి 5500 వెనక్కి తీసుకున్నాడు. బోర్డు మాత్రం ఇంకా ఏ520నే. "బి550 స్టాక్ సోమవారం వస్తది అన్నా" అంటున్నాడు, ఏ సోమవారమో మాత్రం చెప్పట్లేదు.