ఐపీ పెట్టకుండా వాయిదాల్లో అప్పులు తీర్చడం: మూడేళ్లు దాటాక నా రివ్యూ

మాది పర్లాకిమిడి, స్టీలు సామాన్ల షాపు. అప్పు పద్నాలుగు లక్షల చిల్లర. బ్యాంకు సీసీ లోను (వ్యాపారానికి వాడుకునే క్యాష్ క్రెడిట్), రెండు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, బంగారం తాకట్టు, ఇవి కాక పాతపట్నంలో ముగ్గురి దగ్గర నోటు రాసి తెచ్చిన డబ్బు, నూటికి మూడు రూపాయల వడ్డీ. మహేంద్రతనయ దాటితే పాతపట్నమే కదా, సాయంత్రం అయ్యేసరికి బండేసుకుని వచ్చి షాపు ముందు నిలబడేవాళ్లు, ఉన్న ఒకరిద్దరు కస్టమర్లు కూడా వాళ్లని చూసి వెళ్లిపోయేవాళ్లు. ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషన్, పెట్టేయమని సగం మంది, వాయిదాలు మాట్లాడుకోమని సగం మంది. నేను వాయిదాల దారి పట్టాను. టెక్కలి వైపు ఉండే మా బావగారు దాదాపు అదే సమయంలో ఐపీ పెట్టారు. కాబట్టి రెండూ దగ్గర నుంచి చూశాను.

ముందు ఐపీ సంగతి. ఒడిశా అయినా ఆంధ్ర అయినా మనలాంటి మామూలు మనిషికి వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. నివాసమో వ్యాపారమో ఎక్కడుంటే అక్కడి కోర్టులో వేయాలి, అప్పిచ్చినవాడు పక్క రాష్ట్రంలో ఉన్నా సరే. అప్పు 500 రూపాయలుంటే చాలు, పిటిషన్ వేయొచ్చు. అవును, ఐదొందలే, వందేళ్ల క్రితం అంకె అలాగే ఉంది. యూట్యూబులో కొందరు 2016 దివాలా చట్టం వచ్చింది, అప్లికేషన్ పెడితే అప్పు మాఫీ అని ఊదరగొడుతున్నారు, నమ్మకండి. ఆ చట్టంలో వ్యక్తుల భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పుకి హామీ ఉన్నవాళ్లకే అమల్లోకి వచ్చింది. వాళ్లు చెప్పే 'ఫ్రెష్ స్టార్ట్' కూడా ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 దాటనివాళ్ల కోసం రాసింది, అది మాబోటి వాళ్లకి మొదలే కాలేదు.

ఐపీలో మంచి ఏమిటంటే, కోర్టు ఇన్‌సాల్వెంటుగా, అంటే దివాలా తీసినవాడిగా, ప్రకటించాక ఆ అప్పుల కోసం విడివిడిగా మీద పడకుండా అడ్డు ఉంటుంది, అరెస్టు కాకుండా రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. మా బావగారికి రాత్రిళ్లు నిద్ర పట్టింది ఆ కాగితం వచ్చాకే, అది తక్కువేం కాదు. ఒంటిమీద బట్టలు, వంట పాత్రలు, పరుపులు, చేతివృత్తి పనిముట్లు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగలు, అంటే మంగళసూత్రం లాంటివి, వీటి జోలికి రారు. మిగతా ఆస్తంతా కోర్టు చేతికో, కోర్టు పెట్టే రిసీవరు చేతికో పోతుంది. ఆయన పిటిషన్‌కి ఏడాది ముందు ఇంటి స్థలం మా అక్క పేరున గిఫ్టు డీడు రాశారు. పిటిషన్‌కి ముందు రెండేళ్ల లోపు ఊరికే రాసిచ్చినవి రద్దు చేయించొచ్చు కాబట్టి ఒక అప్పులాయన లాయరు దాన్నే పట్టుకున్నాడు, ఇప్పటికీ వాయిదా మీద వాయిదా నడుస్తోంది. తాకట్టు పెట్టుకున్నవాడి హక్కు ఎలాగూ ఎక్కడికీ పోదు. చెక్కు బౌన్సు కేసు వేరే, సెక్షన్ 138 క్రిమినల్ కేసు, ఐపీ పెట్టానని అది ఆగదు. డిశ్చార్జ్, అంటే ఆ అప్పుల నుంచి కోర్టు ఇచ్చే విముక్తి, దొరకడం కూడా అంత సులువు కాదు, ఆస్తులు అమ్మితే రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, అది తన చేతిలో లేని కారణాల వల్లే అని నిరూపించుకోవాలి.

నాలాంటి షాపువాడికి అసలు దెబ్బ ఇంకోటి. డిశ్చార్జ్ కాని ఇన్‌సాల్వెంటు ఆ సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా యాభై రూపాయలు, ఆపైన అరువు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. నేను విజయనగరం నుంచి సరుకు తెచ్చేదే నెల అరువు మీద. ఐపీ పెట్టినవాడినని చెప్పి బిందెలు ఇవ్వమంటే ఎవడిస్తాడు?

అయినా సరే పెట్టేద్దామనే అనుకున్నాను ఒక దశలో. ఆపింది హామీ సంతకం. సీసీ లోనుకి మా బావమరిది సంతకం పెట్టాడు, గుణుపురంలో టీచరు. ఐపీలో నాకు డిశ్చార్జ్ వచ్చినా హామీదారుకి విముక్తి రాదు. బ్యాంకు డిక్రీ తెచ్చుకుంటే అతని జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలి, మిగతాది జప్తు చేయించొచ్చు. నేను చేతులు దులుపుకుంటే ఆ బరువు వాడి నెత్తిన పడుతుంది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, కానీ లాయరు ఆ ముక్క చెబుతున్నప్పుడు ఆమె అక్కడే కూర్చుని ఉంది.

ఇక వాయిదాల దారి. విదేశాల్లో లాగా దీనికి ఒక సంస్థ, ఒక ప్లాను, సంతకం పెడితే అందరూ వినడం, అలాంటిదేమీ ఇక్కడ లేదు. జిల్లా లీడ్ బ్యాంకు తరఫున నడిచే ఆర్థిక అక్షరాస్యత కేంద్రంలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు కూర్చుంటారు, ఫీజు లేదు. ఆయన ఒడియాలో అడుగుతారు, నేను తెలుగులో చెబుతాను, లెక్క మాత్రం ఇద్దరికీ అర్థమవుతుంది. షాపు మీద నికరంగా మిగిలేది 42,000. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, అమ్మ మందులు కలిపి 19,000 పక్కన పెట్టమన్నారు. నేను పదిహేనుతో సరిపెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు, మూడో నెలకే మళ్లీ చేబదులుకి పరిగెడతావు అన్నారు. మిగిలిన 23,000లో ముందు బంగారం వడ్డీ, సీసీ వడ్డీ, తర్వాత నెలకి మూడున్నర శాతం తింటున్న కార్డులు, తర్వాత నోట్లు. ఒకే కాగితం మీద అంతా రాసి, దాని జిరాక్సు జత చేసి ప్రతి బ్యాంకుకీ ఉత్తరం పెట్టించారు. ఆ కాగితం చూశాకే బ్యాంకు వాళ్లు మాట్లాడే తీరు మారింది.

ఒక కార్డు బాకీని తక్కువ వడ్డీకి ఈఎంఐగా మార్చారు. రెండోది 1,86,000 బాకీ, 95,000కి సెటిల్ అయింది. ఇక్కడ జాగ్రత్త. రికవరీ ఏజెంటు ఫోనులో చెప్పింది లెక్కలోకి రాదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, ఆఖరి తేదీ, దీంతో బాకీ పూర్తిగా తీరినట్టు అన్న మాట ఉంటేనే డబ్బు కట్టండి, కట్టాక నో డ్యూస్, అంటే బాకీ లేదన్న కాగితం, తీసుకోండి. సిబిల్‌లో 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడింది, అది ఏళ్ల తరబడి ఉంటుంది. అలా రాజీ పడ్డ బాకీదారుకి, వ్యవసాయ అప్పులు మినహా, ఆ బ్యాంకు కనీసం పన్నెండు నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. నాకైతే ఆ నిషేధం ఒక విధంగా మేలే చేసింది.

మధ్యలో ఒక సెటిల్‌మెంట్ కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు, ఈఎంఐలన్నీ ఆపేసి ఆ డబ్బు తమ దగ్గర జమ చేయాలట, తగ్గించిన మొత్తం మీద పదిహేను శాతం ఫీజట. కానీ ఈఎంఐలు ఆపితే రికవరీ ఏజెంట్ల ఫోన్లు మాత్రం నాకే వస్తాయి. వద్దన్నాను. రికవరీ ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రాకూడదు. వస్తే తేదీ, టైము రాసుకుని ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు, నెలలో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అదీ ఉచితమే.

నోట్ల వాళ్లతో మాత్రం కాగితం లెక్క పనిచేయలేదు, పెద్దమనుషులే పనికొచ్చారు. ఇద్దరు వడ్డీ రూపాయికి దిగారు. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించాను. చాలామందికి తెలియని సంగతి, గడువు లోపల చెల్లు రాసి మీరు సంతకం పెడితే దావాకి మూడేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి తీర్చే ఉద్దేశం ఉంటేనే పెట్టండి. మూడో ఆయన దావా వేశాడు. అదే ఈ దారిలో పెద్ద లోపం, ఎవరు ఎప్పుడు కోర్టుకి వెళ్లినా ఆపే శక్తి మన కాగితానికి లేదు. చివరికి లోక్ అదాలత్‌లో తేలింది. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుందని తెలిశాక ఆయన మెత్తబడ్డాడు. కానీ అక్కడి అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, నేను వాయిదా తప్పితే నేరుగా జప్తుకే.

మార్కులు వేయమంటే ఐదుకి మూడున్నర. నెలనెలా ఆదాయం ఉండి, హామీదారులు మనవాళ్లే అయినప్పుడు ఇదే నయం. ఆదాయమే లేక, జప్తు చేయడానికి ఆస్తీ లేక, నోట్ల వాళ్లు ఇంటి మీదకి వస్తుంటే మాత్రం మా బావగారు చేసిందే సరైనదంటాను, పరువు పోతుందన్న మాట పక్కన పెట్టండి.

ఇప్పుడు సీసీ ఒక దారికి వచ్చింది, బంగారం ఇంటికి వచ్చింది, ఒక నోటు మీద బాకీ ఉంది. తీరిపోయిన ఒకాయన దగ్గర మాత్రం నేను సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులు రెండు ఇంకా ఉన్నాయి, కనపడటం లేదంటున్నాడు. బ్యాంకులో స్టాప్ పేమెంట్ రాశాను. అయినా 138 వేసే వీలుంటుందని లాయరు అన్నాడు, అందుకే చెక్కు నంబర్లతో సహా నోటీసు ఇప్పించి, చెల్లు రాసిన నోటు జిరాక్సులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు ఒక ఫైల్లో పెట్టి బీరువాలో ఉంచాను.