మూడేండ్లు తొక్కిన ఫజ్ పెడల్: బోర్డు బయటి వైరింగ్‌లో ఏది ఆగింది, ఏది పోయింది

హనుమకొండలో ఆదివారం ఆరాధనకీ వారం మధ్య రిహార్సల్స్‌కీ మూడేండ్లుగా వాడుతున్న ఇంటి తయారీ ఫజ్ ఇది, అంటే గిటార్ సౌండ్‌ను గరగరలాడించే పెడల్. 1590బీ సైజు అల్యూమినియం డబ్బా, 9 వోల్ట్‌ల సప్లై. లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఇప్పటిదాకా ఒక్క పార్టు కూడా మార్చలేదు. మార్చినవన్నీ బయటివే: ఫుట్‌స్విచ్, డీసీ జాక్, ఇన్‌పుట్ వైరు రెండుసార్లు.

ముందు స్విచ్ సంగతి. తొమ్మిది కాళ్ల నీలం త్రీ పీడీటీ, అంటే ఒక్క తొక్కుకు కలిసి మారే మూడు స్విచ్‌లు. మొదటిది పోయింది వాడకం వల్ల కాదు, సోల్డరింగ్ వేడికి. కాళ్లను పట్టుకున్న ప్లాస్టిక్ మెత్తబడితే లోపలి కాంటాక్ట్ పక్కకు ఒరుగుతుంది. అప్పుడు బైపాస్ (ఎఫెక్ట్ లేకుండా గిటార్ నేరుగా పోయే దారి) బాగానే పలుకుతుంది, ఎఫెక్ట్ వైపు మాత్రం సౌండ్ తెగుతూ వస్తుంది. రెండోదానికి వైర్ల కొసలకు ముందే సీసం పట్టించి, 350 డిగ్రీల దగ్గర కాలుకు రెండు మూడు సెకన్లకు మించకుండా, పక్కపక్క కాళ్లు వెంటవెంటనే ముట్టకుండా అతికిస్తే ఇప్పటికీ గట్టిగా ఉంది.

కాళ్లు అడ్డగీతల్లా కనిపించేలా పట్టుకోవాలి. అప్పుడు ఒక్కో నిలువు వరుస ఒక్కో స్విచ్. తొంభై డిగ్రీలు తిప్పి అతికిస్తే ఏదీ పనిచేయదు, అందరూ చేసే తప్పు ఇదే. ఎడమ వరుస నడిమి కాలు ఇన్‌పుట్ జాక్ టిప్‌కు (ప్లగ్ కొసను తాకే కాంటాక్ట్), కుడి వరుసది అవుట్‌పుట్ జాక్ టిప్‌కు, మధ్య వరుసది గ్రౌండ్‌కు. కింది మూడు కాళ్లకు వరుసగా బోర్డు ఇన్, ఎల్ఈడీ నెగెటివ్, బోర్డు అవుట్. పైన ఎడమ, కుడి కాళ్లను చిన్న వైరుతో కలపాలి. నడిమిది ఖాళీ. ఎల్ఈడీ పాజిటివ్‌కు 9 వోల్ట్‌ల నుంచి 4.7 కిలోఓమ్ రెసిస్టర్ సరిపోతుంది. ఎర్ర ఎల్ఈడీకి ఒకటిన్నర మిల్లీఆంప్ వస్తుంది, బ్యాటరీ మీద భారం పడదు.

జాక్‌లు ఓపెన్ టైపు లోహానివి, వీటికి నా ఓటు పూర్తిగా. ఇన్‌పుట్‌కు స్టీరియో జాక్ పెట్టి, బ్యాటరీ నెగెటివ్‌ను రింగ్‌కు (రెండో కాంటాక్ట్) ఇస్తే కేబుల్ తీయగానే బ్యాటరీ ఆగిపోతుంది. ఒక చిక్కు ఉంది. ప్లగ్ దూర్చినప్పుడు టిప్ స్ప్రింగ్ బయటికి వంగి వెనకున్న పాట్ (నాబ్‌తో తిప్పే కంట్రోల్) వీపుకు తగులుతుంది. డబ్బా విప్పి ప్లగ్ లేకుండా చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది, దూరిస్తేనే సౌండ్ మాయం. పాట్ వీపుకు ఇన్సులేషన్ టేప్ వేస్తే తీరింది. పెయింట్ వేసిన డబ్బా అయితే జాక్ కూర్చునే చోట లోపలివైపు గీకాలి. జాక్ స్లీవ్‌కూ (గ్రౌండ్ కాంటాక్ట్) డబ్బాకూ మధ్య మల్టీమీటర్ బీప్ రాకపోతే హమ్ అనే గుయ్‌మనే మోత తప్పదు.

డీసీ జాక్ లోహానిది అసలు వద్దు. సెంటర్ నెగెటివ్ (నడిమి పిన్ను మైనస్) వైరింగ్‌లో దాని బయటి ఒళ్లే ప్లస్ అవుతుంది, గ్రౌండైన డబ్బాకు తగిలితే నేరుగా షార్ట్. ప్లాస్టిక్ 2.1 మి.మీ. జాకే పెట్టాలి. మన దగ్గర ఏ షాపులో అడిగినా చేతికిచ్చే సీసీ కెమెరా అడాప్టర్ 12 వోల్ట్‌లు, సెంటర్ పాజిటివ్. అది పొరపాటున గుచ్చినా బోర్డుకు తిరగబడిన కరెంట్ పోకుండా ప్లస్ లైన్‌లో కరెంట్‌ను ఒకవైపే పోనిచ్చే 1ఎన్5817 డయోడ్ ఒకటి ఉండాలి. దానివల్ల తగ్గేది పావు వోల్ట్ అటూ ఇటూ, చెవికి తేడా తెలియదు.

వైరు విషయంలో టెలిఫోన్ సింగిల్ కోర్ రెండుసార్లు అతుకు దగ్గరే తెగింది. జాక్ నట్టు వదులై జాక్ తిరిగిన ప్రతిసారీ తీగ అక్కడే మడత పడుతుంది. 7/36 మల్టీస్ట్రాండ్ (ఏడు సన్న తీగలు కలిసిన వైరు) వేసి, నట్టు కింద స్టార్ వాషర్ పెట్టాక మళ్లీ తెగలేదు. బోర్డును ఫోమ్ టేప్‌తో అంటించడం మే నెల ఎండకు ఆగదు. జిగురు కరిగి బోర్డు వైర్ల మీదే వేలాడింది. ప్లాస్టిక్ స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి పట్టే చిన్న కాళ్లు) వేస్తేనే కుదురు. హైదరాబాద్ కోఠిలోని ఎలక్ట్రానిక్స్ బజారు గుజరాతీ గల్లీకి పోయినప్పుడు స్విచ్‌లు మాత్రం రెండు తెచ్చుకోండి.