ఉద్యాన రంగంలో తొలి కొలువుకు ఏ చదువు? మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుపై ఒక నర్సరీ యజమాని సమీక్ష

అనంతపురంలో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం కొంతకాలంగా ఉద్యానం, నర్సరీ నిర్వహణ పేరుతో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. ఊరికి దగ్గరలోనే చీనీ (బత్తాయి), దానిమ్మ, మామిడి అంట్లు కట్టించే నర్సరీ నడుపుతున్న నాకు ఏటా కొత్త మనుషుల అవసరం పడుతుంది. ఆ కోర్సు ముగించిన పిల్లలు పని అడుగుతూ మా దగ్గరికి రావడమూ, చేరబోయే పిల్లల తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు మమ్మల్ని సలహా అడగడమూ మామూలైపోయింది. పని ఇచ్చేవాడిగా ఆ కోర్సు గురించి నాకు తెలిసినదాన్నీ, అదే పిల్లవాడికి అందుబాటులో ఉన్న మిగతా చదువులతో పోల్చి చూసినదాన్నీ ఇక్కడ రాస్తున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. ఈ తరహా కోర్సు ఏ ఊళ్లో కనిపించినా తూచే పద్ధతి ఒక్కటే.

ముందుగా మంచి మాట. పాఠాలు తెలుగులో ఉన్నాయి, చెప్పే ఆయనకు విషయం తెలుసు. మట్టి పరీక్షకు నమూనా ఎలా తీయాలి, మందు డబ్బా మీద ఉన్న రంగు త్రికోణానికి అర్థం ఏమిటి, పిచికారీ చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అనే సంగతులను వాళ్లు శ్రద్ధగా నేర్పుతున్నారని వచ్చిన పిల్లలతో మాట్లాడితే తెలుస్తుంది. ఆరు మీటర్ల ఎడంతో చదరంగా నాటితే ఎకరాకు ఎన్ని చీనీ మొక్కలు పడతాయని నేను అడిగితే, అక్కడ చదివిన ఒక కుర్రవాడు ఎకరాను చదరపు మీటర్లలోకి మార్చి, ముప్పై ఆరుతో భాగించి, సుమారు 112 అని తడుముకోకుండా చెప్పాడు. ఈ లెక్క డిగ్రీ చదివినవాళ్లలో కూడా అందరికీ అంత తొందరగా రాదు.

చిక్కంతా చేతి పనిలో ఉంది. మా దగ్గరికి వచ్చినవాళ్లకు ప్రత్యేకించి పరీక్ష అంటూ ఏమీ పెట్టం. అంటుకు వేరు మొక్కగా సంచిలో పెంచిన రంగపూర్ నిమ్మను ఎదుట పెట్టి, సాతుగుడి రకం చీనీ పుల్లనూ, చాకునూ, పాలిథిన్ పట్టీనీ చేతికిచ్చి కన్ను కట్టమంటాం, అంటే పుల్ల మీది మొగ్గను తీసి నిమ్మ మొక్కకు అతికించమంటాం. పెన్సిలంత లావుకు వచ్చిన కాండం మీద, మట్టికి కనీసం పదిహేను సెంటీమీటర్ల పైన, టి ఆకారంలో బెరడును మాత్రమే కోసి, పుల్ల నుంచి కన్నును డాలు ఆకారంలో తీసి, బెరడు కిందికి జార్చి, గాలీ నీరూ చొరకుండా పట్టీ చుట్టాలి. కోత లోతుగా దిగితే కట్టె గాయపడుతుంది; తీసిన కన్ను చేతిలోనే ఆరిపోతే అతుక్కోదు. లెక్క అంత చక్కగా చెప్పిన ఆ కుర్రవాడు కోత బాగానే కోసి, కన్నును మాత్రం తలకిందులుగా పెట్టాడు. ఆకు తొడిమ ముక్క కన్నుకు కింది వైపున ఉండాలన్న చిన్న గుర్తు తెలిసి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. "క్లాసులో చూపించినారు సార్, మాతో కట్టించలేదు" అన్నాడు. అతనిలో తప్పేమీ లేదు. పాతిక వేలకు పైబడిన ఫీజు తీసుకున్న కోర్సులో విద్యార్థి చేత కొన్ని వందల కళ్లు కట్టించకపోతే, ఆ కాగితం మీద నర్సరీ అన్న మాట ఎందుకు అచ్చు వేశారో నాకు అర్థం కాదు. నా లెక్కలో ఈ కోర్సుకు ఐదు మార్కులకు రెండు మాత్రమే వేయగలను, ఆ రెండూ పాఠాలు చెప్పిన తీరుకే.

అదే పదో తరగతి పాసైన పిల్లవాడు ఎంచుకోగలిగిన మరో దారి రెండేళ్ల ఉద్యాన డిప్లొమా. తాడేపల్లిగూడెం దగ్గరి వెంకటరామన్నగూడెం కేంద్రంగా 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉద్యాన పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పాత అనంతపురం జిల్లాలో మడకశిరలో ఒకటి ఉంది. డిప్లొమా పూర్తి చేసి మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి అదే మొక్కా, అదే చాకూ ఇచ్చాం. ఆమె ముందు పుల్లను తిప్పి చూసి, కోణాలు పోయి గుండ్రబడిన భాగంలోని కళ్లనే ఏరుకుంది. కొంచెం కిందుగా కడితే సులువు కదా అని నేను కావాలనే అడిగితే, నీరు నిలిచే తోటలో చీనీకి మొదలు నుంచి బంక కారే తెగులు తగులుతుందనీ, మట్టిలోని బూజు తడితో పాటు అతుకు దాకా ఎగబాకకుండా ఎత్తున కట్టాలనీ, నాటేటప్పుడు కూడా అతుకు మట్టిలో పూడకూడదనీ చెప్పింది. చేతి వేగం మాత్రం లేదు. మా దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న రామాపురం కూలీ ఒక వరుస పూర్తి చేసేసరికి ఆమెకు నాలుగైదు మొక్కలే అయ్యాయి. వేగం ఒక సీజనులో వస్తుంది, కారణం తెలియడానికి చదువు కావాలి, కాబట్టి ఆమెను వెంటనే పనిలోకి తీసుకున్నాం.

డిప్లొమాకు ఇంకొక విలువ ఉంది, అది ప్రైవేటు కాగితానికి ఎప్పటికీ రాదు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు గ్రామ ఉద్యాన సహాయకుల పోస్టులకు ఉద్యాన డిగ్రీతో పాటు ఈ డిప్లొమానూ అర్హతగా తీసుకున్నారు. 2003 నుంచి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం నడుస్తున్నందువల్ల బిందు సేద్యం పరికరాల సంస్థలకు పొలం కొలిచి, పైపుల నక్షా గీసి, రైతుకు నచ్చజెప్పగల క్షేత్ర సిబ్బంది ఈ జిల్లాల్లో ఎప్పుడూ కావాలి. అక్కడా డిప్లొమా చెల్లుతుంది. పైచదువు మీద ఆశ ఉన్నవాళ్లకు డిప్లొమా చదివినవాళ్లకు పెట్టే హార్టిసెట్ ప్రవేశ పరీక్ష రాసి బి.ఎస్సీ. ఉద్యానంలో చేరే దారి కూడా తెరిచే ఉంది. మూడు నెలల సర్టిఫికెట్ పట్టుకుని ఈ మూడింటిలో దేని గడపా తొక్కలేం.

నాలుగేళ్ల బి.ఎస్సీ. ఆనర్స్ ఉద్యానం సంగతి వేరు. ఇంటర్ బైపీసీ చదివి, ఈఏపీసెట్‌లో ర్యాంకు తెచ్చుకోవాలి. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు రైతు కోటా ఉంది, భూమి పత్రాలు సిద్ధంగా పెట్టుకోవాలి. పాత కడప జిల్లాలో రైల్వేకోడూరు దగ్గరి అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల, దాని పక్కనే పరిశోధన స్థానం ఉన్నాయి. చుట్టూ మామిడి, అరటి, బొప్పాయి తోటలున్న ఆ ప్రాంతంలో నాలుగేళ్లు గడపడమే ఒక చదువు. ఈ డిగ్రీతో ఏపీపీఎస్సీ ద్వారా భర్తీ చేసే ఉద్యాన అధికారి పోస్టుకూ, ఐబీపీఎస్ నిర్వహించే బ్యాంకు వ్యవసాయ క్షేత్ర అధికారి పోస్టుకూ దరఖాస్తు చేయవచ్చు. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఇదే డిగ్రీ చదవదలచినవాళ్లు మాత్రం ఫీజు కట్టే ముందు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు ఉందో లేదో చూసుకుని, పాత ఉద్యోగ ప్రకటనల్లో అర్హతల పేరా ఒకసారి చదవడం మేలు. నర్సరీ యజమానిగా నా స్వార్థం కూడా చెప్పుకోవాలి: డిగ్రీ పిల్లలు పని బాగా చేస్తారు గానీ పోటీ పరీక్షల ప్రకటన రాగానే సెలవు చీటీ ఇస్తారు, వాళ్లను తప్పు పట్టలేం.

ఐటీఐల్లో ఉద్యానం, పూలసాగు ట్రేడులు ఉన్నాయి గానీ, వాటిలో చదివినవాళ్లెవరూ మా దగ్గరికి రానందువల్ల వాటి జోలికి పోను.

ఆ ప్రైవేటు కోర్సుకు అసలైన పోటీ డిప్లొమా కాదు, రైతులకు వ్యవసాయ పనులు నేర్పే కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణ. రెండేళ్లు చదివే తీరిక లేనివాళ్లు, పెళ్లయి ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్లు, సొంతంగా చిన్న నర్సరీ పెట్టుకోవాలనుకునేవాళ్లు ప్రైవేటు కోర్సు వైపు చూస్తారు. అటువంటివారికి అనంతపురం పక్కన రెడ్డిపల్లిలోనూ, కళ్యాణదుర్గంలోనూ, కడప దగ్గరి ఊటుకూరులోనూ, కర్నూలు వైపు బనవాసి, యాగంటిపల్లెలలోనూ కేంద్రాలు ఉన్నాయి. అంట్లు కట్టడం, నారు పెంచడం వంటి వాటిపై అవి పెట్టే శిక్షణలు చాలావరకు రుసుము లేనివి. వ్యవసాయ నైపుణ్య మండలి నిర్ణయించిన గార్డెనర్ (తోటమాలి) అర్హతకు ఇటువంటి కేంద్రాల్లో 200 గంటల శిక్షణలు కూడా జరుగుతుంటాయి. చివర పరీక్ష పెట్టి ఇచ్చే ఆ ధ్రువపత్రానికి దేశమంతటా ఒకే పాఠ్య ప్రమాణం ఉంటుంది. బెంగళూరు అపార్టుమెంట్లలో, కంపెనీల ఆవరణల్లో పచ్చిక, కుండీ మొక్కలు చూసే పనికి వెళ్లే మన వైపు కుర్రవాళ్లకు ఇది సరిపోతుంది. ఇబ్బంది ఏమిటంటే ఈ శిక్షణలు ఏడాది పొడుగునా ఉండవు. కేంద్రానికి వెళ్లి పేరు రాయించి, ఫోను నంబరు ఇచ్చి, మధ్యమధ్య గుర్తు చేస్తూ ఉండాలి. ప్రైవేటు కేంద్రం బతుకుతున్నది ఈ ఎదురుచూపు మీదే.

ఇంత చెప్పినా ఆ మూడు నెలల కోర్సు ఎవరికీ పనికిరాదని అనను. సొంత తోట ఉండి, చేతిపని ఇంట్లోనే వచ్చి, ఎరువుల మోతాదు, మందుల లెక్క క్రమంగా తెలుసుకోవాలనుకునే రైతుకు అది ఉపయోగమే, ఫీజు సగం చేస్తే ఇంకా ఉపయోగం. ఉద్యోగం కోసం చేరేవాళ్లు మాత్రం ఫీజు గదిలో కూర్చోక ముందే మూడు సంగతులు అడిగి రాతలో తీసుకోవాలి: ఒక్కొక్క విద్యార్థి చేత ఎన్ని అంట్లు కట్టిస్తారు, ఆ మొక్కలు ఏ నర్సరీవి, సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది. 2010 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రంలో పండ్ల మొక్కల నర్సరీలకు లైసెన్సు ఉండాలి కాబట్టి, రెండో ప్రశ్నకు లైసెన్సున్న నర్సరీ పేరు రాకపోతే మిగతా రెండూ అడగనక్కర లేదు.

పదో తరగతి ఫలితాలు రాగానే ఈ కేంద్రం "ముందుగా చేరినవారికి రాయితీ" అని కరపత్రాలు పంచుతుంది. డిప్లొమా ప్రవేశ ప్రకటన ఆ తర్వాత గానీ వెలువడదు. రాయితీ పోతుందన్న తొందరలో ఆ మధ్యకాలంలో డబ్బు కట్టేసి, మడకశిరలో సీటు వచ్చే మార్కులుండీ దరఖాస్తే పెట్టని పిల్లలు మా దగ్గరికి వచ్చారు. విశ్వవిద్యాలయం ప్రకటన వచ్చి, దరఖాస్తు పెట్టి, సీటు సంగతి తేలేదాకా ఆ కరపత్రాన్ని పక్కన పెట్టండి. కేంద్రం వాళ్లు తర్వాతి బ్యాచికి కూడా ఆ రాయితీనే ఇస్తున్నారు.