బెరస్తాగిలో ఇంటివాళ్ల లాడ్జీ: గది, వేణ్ణీళ్లు, తిండి, సంత

తోబా సరస్సు చూడడానికి ఇండోనేషియాలోని సుమత్రా పోయే మనవాళ్లలో చాలామంది బెరస్తాగి అనే కొండ ఊళ్లో ఒక్క రాత్రి పడుకుని తెల్లారగానే బస్సెక్కేస్తారు. రెండు రాత్రులు ఉండండి, అదీ ఒక కుటుంబం నడిపే లాడ్జీలో ఉండండి. గదుల మటుకు ఈ లాడ్జీలు సాదాసీదావే, విలువంతా ఇంటివాళ్లలో ఉంది. సంతకు ఏ వేళకు పోవాలో, ఏ బండికి ఎంతివ్వాలో, ఈ పూట కొండ ఎక్కొచ్చో లేదో చెప్పేది వాళ్లే. అయితే వేణ్ణీళ్లు, తిండి, గది ఏ వైపుంది అన్న మూడూ ముందే అడిగి తేల్చుకోవాలి. తేల్చుకోకుండా దిగితే రాత్రి నిద్రుండదు, పొద్దున్నే తినడానికీ ఉండదు.

ఊరు సుమత్రాలోని పెద్ద నగరం మెదాన్‌కు దక్షిణంగా 65 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, 1,300 మీటర్ల ఎత్తున ఉంది. దాదాపు మన హార్స్‌లీ కొండలంత ఎత్తు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి కాలాల తేడా పెద్దగా తెలియదు, ఏ నెలలో పోయినా రాత్రిళ్లు 16, 18 డిగ్రీలకు దిగుతుంది. మే నెలలో అనంతపురం ఎండలోంచి బయల్దేరేవాళ్లు స్వెట్టరు సంగతే మరిచిపోతారు, అక్కడ మొదటి రాత్రే దాని అవసరం తెలుస్తుంది. గదుల్లో ఏసీ ఉండదు, చాలాచోట్ల ఫ్యానూ ఉండదు. చుట్టూ క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, టమోటా, మిరప, నారింజ పండించే కారో రైతులు, ఈ కొండల స్థానిక జనం వాళ్లే. ఊరికి అటొకటి ఇటొకటి సిబాయక్, సినబుంగ్ అనే అగ్నిపర్వతాలు.

బోర్డు మీద లోస్మెన్, విస్మా, పెంగినాపాన్, హోమ్‌స్టే, ఏ పేరైనా ఉండొచ్చు. కింద ఇంటివాళ్లు కాపురముంటారు, పైనా వెనకా కొన్ని గదులు. సాధారణంగా గదికి రోజుకు 1,50,000 నుంచి 3,00,000 రుపియాల దాకా అవుతుంది. లక్ష రుపియాలంటే మన డబ్బుల్లో సుమారు 500 నుంచి 550 రూపాయలు. శని, ఆదివారాల్లో మెదాన్ జనం చల్లదనానికి పైకొస్తారు, ధర పెరుగుతుంది. రంజాన్ పండగ సెలవుల్లో, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా గది దొరకడమే కష్టం. సోమవారం నుంచి గురువారం లోపల పోతే మంచిది. వాట్సాప్‌లో మాట్లాడుకుంటే సరిపోతుంది, కాని టిఫిను ధరలో కలిసిందా, అదనపు పరుపుకు ఎంత అనేవి ఆ మెసేజీలోనే రాయించుకోండి. దిగగానే పాస్‌పోర్టు నకలు అడుగుతారు. విదేశీయుల వివరాలు ఇమ్మిగ్రేషన్‌కు తెలపడం వాళ్ల బాధ్యత, సంకోచించక్కర్లేదు. నగదు దగ్గర పెట్టుకోండి.

ఇంటి పెద్దాయనను పాక్ అని, ఆవిడను ఇబు అని పిలవాలి. చెప్పులు గడప బయటే విడవాలి. ‘మెజువా-జువా’ అని పలకరిస్తే మొహాలు విచ్చుకుంటాయి. కారో వాళ్లకు మెర్గాలు, అంటే వంశాలు ఐదు: కారోకారో, గింతింగ్, సెంబిరింగ్, తరిగన్, పెరంగిన్‌అంగిన్. కొత్తగా కలిసిన ఇద్దరు కారోలు ఒకరినొకరు మొదట అడిగేది మెర్గానే. సెంబిరింగ్‌లో చోలియా, పాండియా, మెలియాలా, బ్రహ్మణా అనే శాఖలున్నాయి. ఇవి చోళ, పాండ్య, మలయాళ పేర్ల జాడలని చరిత్రకారుల్లో పలువురు అంటారు. సుమత్రా పడమటి తీరంలో బారుస్ దగ్గర దొరికిన 1088 నాటి తమిళ శాసనం అయ్యావొళె ఐదువందల అనే దక్షిణ భారత వర్తక సంఘానిది. దక్షిణ భారతం నుంచి వచ్చామని సెంబిరింగ్ ఇంట్లో చెప్పి చూడండి, మాట ఇట్టే కలుస్తుంది.

గది చూడకుండా డబ్బు కట్టొద్దు. ఊరి నడిబొడ్డున పోయే జలాన్ వెతెరన్ వైపు కిటికీ ఉన్న గది అసలు వద్దు. కూరగాయల లారీలు రాత్రి మెదాన్‌కు దిగుతాయి, సంత బేరాలు తెల్లారకముందే మొదలవుతాయి, ఆపైన కోళ్లు, మసీదు పిలుపు. వెనకవైపు గది అడగండి. అట్లని మరీ పై అంతస్తు కూడా వద్దు. చాలా ఇళ్లకు రేకుల కప్పే, వాన పడితే పక్కమనిషి మాట వినపడదు. ఇక్కడ వాన ఏడాది పొడుగునా ఉంటుంది, అక్టోబరు, నవంబరుల్లో మరీ ఎక్కువ. మధ్య అంతస్తు, వెనక గది, ఇదే అడగాల్సింది. గోడలు ప్లైవుడ్‌వైతే పక్కగది గురక మీదే, వేలితో కొట్టి చూడండి. తలుపు పైన గాలికోసం వదిలిన సందులుంటాయి, వాటిలోంచే చలీ చప్పుడూ వస్తాయి. దుప్పటి ఒకటే పెట్టి ఉంటుంది, రెండోది సాయంత్రమే అడిగి తీసుకోండి, రాత్రి పదికల్లా ఇంటివాళ్లు పడుకుంటారు. పరుపు అంచుల కుట్లలో నల్లచుక్కలుంటే నల్లులు. గోడ మూలల్లో బూజు మచ్చలుంటే ఆ గదిలో తేమ దిగదు, ఉబ్బసం ఉన్నవాళ్లు వేరే గది అడగాలి. బట్టలు ఉతికి ఆరేస్తే మంచులో రెండు రోజులైనా ఆరవు. కిలోల లెక్కన ఉతికిచ్చే దుకాణాలున్నాయి, పొద్దున్నే వేస్తేనే మేలు.

ఇక వేణ్ణీళ్లు. ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే, కారణాలు మాత్రం చిన్నవి. పాత లాడ్జీల్లో స్నానాలగదిలో గచ్చు తొట్టి, చెంబు ఉంటాయి. వేణ్ణీళ్లు అడిగితే బకెట్లో తెచ్చిస్తారు. ముంచుకుని పోసుకోవడం మనకు కొత్త కాదు, నిజానికి సగం చచ్చిన షవరు కంటే ఇదే సుఖం. తొట్టిలో సబ్బు చెయ్యి పెట్టొద్దు, ఆ నీళ్లు తర్వాతి వాళ్లకు కూడా.

కొత్త గదుల్లో గ్యాస్ గీజర్లు. అది వెలగాలంటే నీళ్లు ఒత్తిడితో రావాలి. ట్యాంకు షవరుకు రెండు మూడు అడుగుల ఎత్తులోనే ఉంటే ఒత్తిడి చాలదు, టిక్ టిక్ మంటుంది కాని మంట రాదు. ముందు వేడి కొళాయి పూర్తిగా తిప్పండి, చన్నీళ్లు కలపొద్దు. అప్పటికీ వెలగకపోతే కింద పెట్టే రెండు పెద్ద సెల్స్ అయిపోయి ఉంటాయి. ఇబుకు చెబితే మార్పిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. గీజరు స్నానాలగది లోపలే ఉండి, కిటికీ గాని గాలి పోయే దారి గాని లేకపోతే ఆ గది తీసుకోవద్దు. మూసిన గదిలో గ్యాస్ మండితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి మనిషి స్పృహ తప్పుతాడు, ప్రాణం కూడా పోతుంది. గీజరు బయట వరండాలో బిగించిన లాడ్జీ చూసుకోండి.

కరెంటు గీజరైతే ఇంకో చిక్కు. అక్కడి ఇళ్లకు 900 లేదా 1,300 వి.ఎ. (వోల్ట్-ఆంపియర్లు, దాదాపు వాట్లనే అనుకోండి) కనెక్షనే మామూలు. 1,300 అంటే మన 1,500 వాట్ల కెటిల్ ఒక్కటి పెట్టినా మెయిన్ పడిపోతుంది, ఇల్లంతా చీకటి. మనవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే: సంచిలోంచి కెటిలో ఇండక్షన్ స్టవ్వో తీసి, అడక్కుండా ప్లగ్గులో పెడతారు. 400 వాట్ల చిన్న రైస్ కుక్కరు సామాన్యంగా ఒప్పుకుంటారు, గీజరు ఆపి పెట్టుకోవాలి. టీకి, ఓట్స్‌కి ఫ్లాస్కులో వేడినీళ్లు అడిగితే చాలు. ప్లగ్గులు రెండు గుండ్రటి కాళ్లవి. మన సెల్‌ఫోను చార్జరు పడుతుంది, మూడు కాళ్ల ప్లగ్గు పట్టదు, అడాప్టరు తీసుకుపోవాలి. రాత్రి ఎక్కడో పీప్ పీప్ మని మోత వినిపిస్తే అది ప్రీపెయిడ్ మీటరు. కరెంటు డబ్బు అయిపోవస్తోందని అర్థం. 20 అంకెల టోకెన్ కొడితే ఆగుతుంది, ఇంటివాళ్లను లేపండి. తాగేందుకు వరండాలో 19 లీటర్ల క్యాను ఉంటుంది, సీసాలు అందులోంచే నింపుకోండి.

తిండి దగ్గర మన అనంతపురం జిల్లావాళ్లు బాగా జాగ్రత్తపడాలి. టిఫిను సాధారణంగా నాసి గోరెంగ్, అంటే వేయించిన అన్నం, లేకపోతే నూడుల్స్, అరటిపండు పాన్‌కేక్, కాల్చిన రొట్టె. కాఫీ వడకట్టరు. పొడి అడుగుకు దిగేదాకా నాలుగు నిమిషాలు ఆగి తాగితే చాలా బాగుంటుంది, ఆ కొండల్లో పండిన గింజే. శాకాహారులు ‘వెజెతారియన్’ అని ఊరుకుంటే మాంసం ముక్కలు మాత్రమే తీసేస్తారు. రుచికి వేసే కోడి మసాలా పొడి, సంబల్ అనే మిరప పచ్చడిలో రొయ్యల ముద్ద తెరాసి అట్లే ఉంటాయి. రాత్రే కాగితం మీద రాసివ్వండి: ‘తన్పా దాగింగ్, అయామ్, ఇకాన్, ఉదాంగ్, తెలూర్, తెరాసి, కాల్దు.’ మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు, రొయ్యల ముద్ద, మాంసం ఉడికించిన రసం లేకుండా అని. తాహు (సోయా పనీరు), తెంపె (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), ఆకుకూరలు, తెల్లన్నం హాయిగా దొరుకుతాయి. పెరుగు మాత్రం ఆశించొద్దు. చెనిక్కాయ పొడి, చింతకాయ తొక్కు చిన్న డబ్బాల్లో సీలు చేసి తీసుకుపోతే రెండు రోజులూ సంతోషంగా గడుస్తాయి.

మాంసం తినేవాళ్లకూ హెచ్చరిక ఉంది. కారో జనంలో క్రైస్తవులు ఎక్కువ, పంది మాంసం అక్కడ ముఖ్యమైన వంట. బి.పి.కె. అని రాసిన హోటళ్లన్నీ కాల్చిన పంది మాంసానివి. బి2 అంటే పంది, బి1 అంటే కుక్క. తెరితెస్ లేక పగిత్-పగిత్ అనే పులుసు పశువు పొట్టలోని నలిగిన గడ్డితో చేస్తారు. ఇవి వద్దనుకుంటే పడమటి సుమత్రా వంటకాలుండే పాదాంగ్ హోటలుకు పోండి, అది హలాల్. అయితే అక్కడి రెందాంగ్ అనే కూర ఎద్దు మాంసం, ‘సాపి’ అన్న మాట కనబడితే అదే. లాడ్జీలో ఇబు చేత వండించుకోదగ్గది అయామ్ చిపెరా, వేయించిన మొక్కజొన్న పిండితో చిక్కగా చేసే కోడి పులుసు. సంగటి తినే నోటికి నచ్చుతుంది. ముందురోజే చెప్పాలి, ధర అప్పుడే అడగాలి. తీపిలో చింపా: జిగురు బియ్యప్పిండిలో కొబ్బరి, తాటిబెల్లం పెట్టి ఆకులో ఆవిరి మీద ఉడికిస్తారు, శాకాహారులకు భయం లేదు. అల్లం కషాయం బంద్రెక్ చలికి మందు, కొందరు అందులో పచ్చిగుడ్డు కొడతారు, ‘తన్పా తెలూర్’ అనండి.

చీనీ (బత్తాయి) తోటలున్న మన రైతులకు ఈ ఊరి సంతలు ఎంత చూసినా తనివి తీరదు. రెండున్నాయి. పసార్ బువా పర్యాటకులది, పండ్లు అందంగా పేర్చి ఉంటాయి, ధర రెట్టింపు చెబుతారు, రుచి చూశాకే బేరం. అసలు వ్యాపారం పెద్ద సంతలో, తెల్లారకముందు. ఆరు దాటితే సగం సరుకు లారీలెక్కేసి ఉంటుంది. కారో నారింజ మన చీనీ జాతి కాదు, సియాం మాడు అనే రకం. తొక్క సులువుగా వస్తుంది, పులుపు తక్కువ. పండుఈగ బెడద అక్కడా ఉంది. కొనేముందు తొక్క మీద సూదిపొడుపు లాంటి మచ్చలున్నాయేమో చూడండి, ఉంటే లోపల పురుగే. మర్కీసా (ప్యాషన్ ఫ్రూట్), తెరోంగ్ బెలాందా (చెట్టు టమోటా) కలిపి తీసే రసం తప్పక తాగాలి. తాజా పండ్లు ఇంటికి తేవద్దు, అనుమతి పత్రం లేకుండా మన విమానాశ్రయంలో క్వారంటీన్ వాళ్లు ఒప్పుకోరు. మర్కీసా సిరప్ సీసాలు చెక్-ఇన్ సామానులో తెచ్చుకోవచ్చు.

సిబాయక్ 2,200 మీటర్ల దాకా ఎత్తు, పైకి రెండు మూడు గంటలు. సూర్యోదయానికి వేకువన మూడింటికే బయల్దేరాలి, గేటు తీయమని రాత్రే చెప్పి ఉంచండి. ఒంటరిగా పోవద్దు. దిగేటప్పుడు మంచు కమ్మితే దారి పొదల్లో కలిసిపోతుంది, అట్లా తప్పిపోయి చనిపోయినవాళ్లున్నారు. లాడ్జీవాళ్లు కుదిర్చే గైడుకు డబ్బివ్వడం దండగ కాదు. కింద లావు సిదెబుక్-దెబుక్ దగ్గర గంధకపు వేడినీటి గుంటలున్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లకు హాయి. ఆడవాళ్లు మెట్టెలు, పట్టీలు గదిలోనే తీసిపెట్టి పోవాలి, గంధకానికి వెండి నల్లబడుతుంది.

సినబుంగ్ జోలికి వెళ్లొద్దు. వందల ఏళ్లు నిద్రపోయి 2010లో లేచింది, 2014లోనూ 2016లోనూ వేడి బూడిద మేఘాలు మనుషుల్ని బలిగొన్నాయి. నిషేధిత ప్రాంతం ఎంతవరకో ఇంటివాళ్లకు తెలుసు, వాళ్ల మాట వినండి. ఊళ్లో బూడిద పడితే మాస్కు కావాలి.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకు, వండి పెట్టే మడి వంట తప్ప ముట్టనివాళ్లకు ఈ లాడ్జీలు సరిపడవు. వాళ్లు మెదాన్‌లోనే కంపుంగ్ మద్రాస్ చుట్టుపక్కల దిగితే మేలు. 1884లో కట్టిన మారియమ్మ గుడి, భారతీయ హోటళ్లు అక్కడే ఉన్నాయి.

పోయే దారి: అనంతపురం నుంచి బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం దగ్గర. అక్కడి నుంచి కౌలాలంపూర్ మీదుగా మెదాన్ దగ్గరి కువాలనాము విమానాశ్రయం. దిగాక 30 రోజుల వీసాకు 5,00,000 రుపియాలు, పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. విమానాశ్రయం రైల్లో మెదాన్ చేరి, ఆ నగరంలోని పాదాంగ్ బులాన్ నుంచి సుత్రా, సినబుంగ్ జయ బస్సులు. రెండు, రెండున్నర గంటలు. సిబోలంగిత్ దగ్గర వంపులెక్కువ, వాంతులయ్యేవాళ్లు ముందు సీటు పట్టుకోవాలి. గట్టి వానలో ఆ దారి ఎక్కొద్దు, 2024 నవంబరు చివర్లో అక్కడ కొండచరియలు పడి ప్రాణాలు పోయాయి. తిరుగు విమానం ఆదివారం రాత్రి పెట్టుకోకండి. మెదాన్ జనమంతా ఆదివారం మధ్యాహ్నమే కొండ దిగుతారు, రెండు గంటల దారి ఐదు గంటలైనా ఆశ్చర్యం లేదు. సోమవారం పొద్దున పోయే బస్సులో ఇబుతో సీటు చెప్పించుకుంటే సాయంత్రం విమానానికి నింపాదిగా అందుకోవచ్చు.