బైక్ ట్యాంకు మీద బొమ్మ వేయిస్తున్నారా? రంగు కొట్టకముందే ఒకసారి వెళ్లి చూడండి

విజయవాడలో బండికి ఎయిర్‌బ్రష్ పని (గాలితో రంగు చిమ్మి బొమ్మలు వేయడం) చేయిద్దామనుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. షాపు పేరు రాయను. షాపాయన ఏ పని ఎగ్గొట్టాడో చెప్తాను, అది ఏ షాపుకి వెళ్లినా పనికొస్తుంది.

నా పాత బైక్ ట్యాంకుకి రెండువైపులా ఎగురుతున్న ఆంజనేయస్వామి, ముందు మడ్‌గార్డ్ మీద మంటలు. మొత్తం 9,500. "మోకాళ్లు తగిలేచోట దేవుడేంట్రా" అని అమ్మ మొదట్లోనే అంది, వినలేదు. బండి చేతికొచ్చిన రోజు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇద్దరు ఆగి ఫొటోలు తీసుకున్నారు. ఐదు వారాలు తిరక్కుండానే, మూత దగ్గర ఒలికిన పెట్రోలు తుడుస్తుంటే గుడ్డతోపాటు రంగూ లేచింది. గోటితో అంచు పట్టి లాగాను. ఉల్లిపొరలా అరచేయంత ముక్క వచ్చేసింది. స్వామి భుజం, గద అందులోనే. కింద కంపెనీ నలుపు అద్దంలా మెరుస్తోంది, నా మొహం కనబడుతోంది.

ఆటోనగర్‌లో ఎప్పటినుంచో పెయింటింగ్ చేస్తున్న ఒక బాబాయ్‌కి చూపించాను. ఆ మెరుపు మీద వేలితో రాసి, "దీన్ని వాటర్ పేపర్ ముట్టుకోనే లేదు బాబూ" అన్నాడు. పాత రంగు మీద కొత్తది పట్టాలంటే 600, 800 నంబర్ వాటర్ పేపర్‌తో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, నీళ్లు పోస్తూ రుద్ది మెరుపంతా చంపాలి. ఆ సన్నటి గీతల్లోకే రంగు పట్టుకునేది. అంతకంటే ముందు జిడ్డు తీయాలి. మనం బండికి రాసే పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది, దాన్ని తుడవకుండా రుద్దితే గీతల్లోకే వెళ్లి కూర్చుంటుంది. రుద్దాక మళ్లీ తుడవాలి, ఆ తర్వాత వట్టి చేత్తో పట్టుకోకూడదు. జిడ్డు పోయిందో లేదో బాబాయ్ అక్కడే చూపించాడు. కడిగిన రేకు మీద చెంబుతో నీళ్లు పోశాడు. పలచగా పరుచుకున్నచోట శుభ్రంగా ఉన్నట్టు, తామరాకు మీద బొట్టులా ముడుచుకున్నచోట ఇంకా జిడ్డున్నట్టు.

రేకు బయటపడేదాకా గీకితే ప్రైమర్ తప్పనిసరి. వట్టి రేకు మీద నేరుగా రంగు కొడితే లోపల తుప్పు మొదలై పొక్కులు లేస్తాయి.

మడ్‌గార్డ్ సంగతి ఇంకా ఘోరం. మంటలు చుట్ట చుట్టుకుని మరీ ఊడాయి. బాబాయ్ దాన్ని తిరగేసి లోపల అచ్చుపోసిన చిన్న అక్షరాలు చూపించాడు: పీపీ. అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. ఎంత రుద్దినా దీనికి మామూలు రంగు అంటుకోదు, ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పలచగా కొట్టాలి. ఏబీఎస్ (బ్రేకులది కాదు, ఇదీ ఒకరకం ప్లాస్టికే) అని ఉంటే పని కాస్త సులువు. కాకపోతే దాన్ని ఘాటు థిన్నర్‌తో తుడిస్తే మెత్తబడి పగుళ్లిస్తుంది. హెల్మెట్ మీద బొమ్మ అడిగేవాళ్లూ గుర్తుపెట్టుకోండి, థిన్నర్ పడితే డిప్ప బలమే తగ్గొచ్చు. అక్కడ అందం కంటే తల ముఖ్యం.

షాపాయన్ని అడిగితే "ఎండలో పెట్టుంటారు సార్" అన్నాడు. బెజవాడలో ఎండ తగలకుండా బండి ఎక్కడ పెట్టాలో మరి! డబ్బు వాపసు మాట ఎత్తగానే ఫోన్ ఎత్తడం మానేశాడు.

తప్పు నాదీ ఉంది. ఆయన పాత పనుల ఫొటోలు చూసి మురిసిపోయాను. బొమ్మ బాగానే వేస్తాడు, చెయ్యి మంచిదే. నేను అడగాల్సింది బొమ్మ వేయకముందు ఫొటో. మీరైతే రంగు కొట్టే ముందురోజు వెళ్లి ట్యాంకు చూడండి. పలక మీద సుద్ద తుడిచినట్టు వెలవెలబోతూ ఉండాలి, ఎక్కడా తళుక్కుమనకూడదు. మూత చుట్టూ, అంచుల మడతల్లో ముఖ్యంగా చూడండి, చేయి దూరదని వదిలేసేది అక్కడే. బొమ్మ పైన కొట్టే క్లియర్ (రంగులేని మెరుపు పూత) గట్టిపరిచే మందు కలిపి కొట్టే టూకే రకమేనా అని కూడా అడగండి, లేకపోతే పెట్రోలు చుక్కకి ఆగదు.

ఇప్పుడు ట్యాంకు బాబాయ్ దగ్గరే ఉంది, మొత్తం గీకించి ఉత్త నలుపు కొట్టిస్తున్నా. ఊడిన ముక్కలు చెత్తలో వేయబోతే అమ్మ ఒప్పుకోలేదు. కవర్లో కట్టి పూజ గూట్లో పెట్టింది, కృష్ణలో కలపాలట.