బంతి మీద పూసల కిట్: లోపల సరుకు బాగుంది, బాక్స్ మీద బొమ్మే తప్పు

నెల రోజులు వాడాక రాస్తున్నా. ఇనుప బంతి ఒకటి, సైకిల్ ట్యూబ్ ఆకారంలో రింగు ఒకటి, 300 అయస్కాంతపు పూసలు, వాటికి తొడిగే ఎర్ర, నీలం టోపీలు వస్తాయి. పూసలు ఇనుముకి అతుక్కుంటాయి గానీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకని బంతిని వేలితో తడుతూ ఉంటే వాటంతటవే జరిగి సర్దుకుంటాయి. చుట్టూ ఐదు పూసలే ఉన్నదానికి ఎర్ర టోపీ, ఏడుంటే నీలం, ఆరుంటే ఏమీ పెట్టక్కర్లేదు.

ముందు బాక్స్ సంగతి. దాని మీద బంతి నిండా షడ్భుజాలే వేశారు, అంటే ప్రతి పూస చుట్టూ ఆరే అన్నట్టు. అది కుదిరే పని కాదు! బల్ల మీదైతే ఒక్కో పూస చుట్టూ ఆరు చొప్పున ఎంత దూరమైనా పరుచుకుంటూ పోవచ్చు, బంతి మీద మాత్రం ఎక్కడో ఒకచోట లెక్క తప్పి తీరాలి. ఎంత తప్పాలో కూడా గణితంలో ఆయిలర్ సూత్రం (మూలలు, అంచులు, ముఖాల సంఖ్యల్ని కలిపే లెక్క) ముందే తేల్చేసింది: ఎరుపుల్లోంచి నీలాలు తీసేస్తే 12 మిగలాలి, పూసలు వంద వేసినా రెండొందలు వేసినా సరే (నాలుగే పొరుగులున్న పూస తగిలితే దాన్ని రెండు ఎరుపులుగా లెక్కేయాలి). ఫుట్‌బాల్ మీద 12 పంచభుజాలు ఉండేది ఇందుకే, 1985లో బయటపడ్డ 60 కార్బన్ పరమాణువుల బంతిలోనూ అంతే. బ్రిటన్‌లో స్టేడియం దారి చూపే బోర్డు మీద కూడా ఇలాగే అన్నీ షడ్భుజాలే వేస్తే 2017లో మార్చమని పిటిషన్ పెట్టారు, ప్రభుత్వం మార్చలేదు, కాబట్టి ఈ కంపెనీ వాళ్లొక్కళ్లే కాదులెండి.

నాకు ఒకసారి 11 వచ్చింది. సూత్రమే తప్పేమో అని అరగంట కొట్టుకున్నాక చూస్తే ఒక ఎర్రది స్టాండ్ కాలి వెనకాల దాక్కుంది. ఆ స్టాండ్ దండగ, బంతి తిప్పినప్పుడల్లా నాలుగు పూసలు రాలుస్తుంది.

కొద్ది పూసలతో కూడా సరదాగానే ఉంటుంది. ఎనిమిది వేస్తే ఘనం మూలల్లా కూర్చుంటాయనుకున్నా, పై నాలుగు కింది నాలుగుకీ మధ్యలోకి తిరిగి కూర్చున్నాయి. ఒకదాన్నొకటి తోసుకునేవి బంతి మీద ఎలా సర్దుకుంటాయని, భౌతిక శాస్త్రవేత్త థామ్సన్ 1904లో ఎలక్ట్రాన్ల గురించి ఆలోచిస్తూ పట్టుకున్న లెక్క ఇదే.

నా అసలు కోపం ఆ 300 మీద. పూసలు దాదాపు 360 దాటాకే అసలు విశేషం మొదలవుతుంది: ఒంటరిగా ఉండాల్సిన ఎర్రది పక్కన ఒక నీలం, ఆ పక్కన ఇంకో ఎరుపు, ఇలా గొలుసుకట్టి, మానిన గాయం మచ్చలా సాగుతుంది. 2003లో నీటి బిందువుల మీద అతి చిన్న పాలీస్టైరీన్ పూసలు పేర్చి చూసినవాళ్లకి సరిగ్గా ఇవే కనబడ్డాయి. అది చూడాలంటే రెండో ప్యాకెట్ విడిగా కొనాలట! నేను కొన్నా, ఒళ్లు మండుతూనే కొన్నా, మచ్చలు కనబడ్డాక కోపం సగం దిగింది.

రింగు మీద మాత్రం ఎరుపుల్లోంచి నీలాలు తీసేస్తే మిగిలేది సున్నా. ఎర్రవి బయటి వంపు వైపు, నీలాలు లోపలి వైపు చేరతాయి. దీని గురించి మాన్యువల్లో ఒక్క ముక్క లేదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టేసుకుని ప్రాణం మీదకి వస్తుంది. మిగతావాళ్లు కొనుక్కోవచ్చు, ప్యాకెట్లు మాత్రం మొదటే రెండు తెప్పించుకోండి. ఐదుకి మూడున్నర, బాక్స్ బొమ్మ మారిస్తే నాలుగు.